‘ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2’ కోసం కన్సోల్ కొనే ముందు ఇంట్లో ఉన్న పాత ల్యాప్‌టాప్ తెరిచి చూడండి

సంపాదకులకు నమస్కారం.

పాత ఆటలు కొత్త మెరుగులతో మళ్లీ వస్తున్నాయి. పత్రికల సాంకేతిక పేజీల్లో వాటి గురించి రాసినప్పుడల్లా ‘పీసీతో తంటాలెందుకు, కన్సోల్ (ఎక్స్‌బాక్స్, ప్లేస్టేషన్ లాంటి ఆటల యంత్రం) కొని టీవీకి తగిలించుకుంటే సరి’ అన్న సలహా ఒకటి తప్పనిసరిగా కనిపిస్తోంది. కారు పందేలకు, ఫుట్‌బాల్‌కు, కుస్తీలకు ఆ మాట నూటికి నూరుపాళ్లూ నిజం. కానీ మన ఇంజినీరింగ్ హాస్టళ్లలో ‘ఏఓఈ’ అని ముద్దుగా పిలుచుకున్న, ఊరు కట్టి సైన్యం పెంచి ఎదుటివాడి రాజ్యాన్ని గెలిచే కంప్యూటర్ ఆట ‘ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2’కి అదే సలహా ఇస్తే మాత్రం పప్పులో కాలేసినట్టే. నలుగురితో కలిసి ఆన్‌లైన్‌లో ఆడాలనుకునేవాళ్లకు పీసీ వెర్షనే సరైనది. కన్సోల్ పనికొచ్చే సందర్భాలు లేకపోలేదు, అవి వేరు. ఎందుకో వివరంగా రాస్తున్నాం. కాస్త చోటివ్వగలరు.

ముందుగా ఏ వెర్షన్ ఏదో తేల్చుకోవాలి. డబ్బు వృథా అయ్యే మొదటి చోటు అదే. అమెరికాలోని ఎన్‌సాంబుల్ స్టూడియోస్ ఈ ఆటను 1999లో తయారు చేసింది, మైక్రోసాఫ్ట్ విడుదల చేసింది. మరుసటి ఏడు ‘ది కాంకరర్స్’ అనే అనుబంధం వచ్చింది. హాస్టళ్లలో సీడీల మీద తిరిగింది ఆ జంటే. 2013లో స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణంలో ‘హెచ్‌డీ ఎడిషన్’, 2019 నవంబరులో పీసీకి ‘డెఫినిటివ్ ఎడిషన్’ వచ్చాయి. ఈ డెఫినిటివ్ ఎడిషనే 2023 జనవరి 31న ఎక్స్‌బాక్స్‌కు, 2025 మేలో ప్లేస్టేషన్ 5కు చేరింది. సీడీ వెర్షన్ ఉన్నవాడు హెచ్‌డీ ఉన్నవాడితో ఆడలేడు. హెచ్‌డీ ఉన్నవాడు డెఫినిటివ్ ఉన్నవాడితో ఆడలేడు. బృందంలో అందరూ డెఫినిటివ్ ఎడిషన్‌లోనే ఉండాలి. అలా ఉంటే పీసీ, ఎక్స్‌బాక్స్, ప్లేస్టేషన్ వాళ్లు క్రాస్‌ప్లే ద్వారా ఒకే ఆటలో కలవొచ్చు. కన్సోల్‌కు తేవాలన్న ప్రయత్నం ఇప్పటిది కాదు, 2001లోనే కొనామి సంస్థ ప్లేస్టేషన్ 2కి ఓ వెర్షన్ తెచ్చింది. అది పెద్దగా ఎవరికీ గుర్తు లేకపోవడానికి కారణం కింద రాసే లెక్కలోనే ఉంది.

ఈ ఆటలో గెలుపోటములు తేలేది యుద్ధంలో అనుకుంటారు చాలామంది. నిజానికి మొదటి పది నిమిషాల గొర్రెల లెక్కలో తేలుతుంది. చాలా జాతులకు (ఆటలో మీరు ఎంచుకునే రాజ్యాలకు) ఆట మొదట్లో ముగ్గురు విలేజర్లు అంటే పనివాళ్లు, దారులు వెతికే ఒక స్కౌట్ గుర్రం, 200 ఆహారం, 200 కలప, 100 బంగారం, 200 రాయి ఉంటాయి. ఊరికి ప్రధాన భవనమైన టౌన్ సెంటర్‌లో ఒక విలేజర్ తయారవడానికి 25 సెకన్లు, 50 ఆహారం కావాలి. 22 మంది జనాభాతో ఆటలో రెండో దశ అయిన ఫ్యూడల్ ఏజ్‌కు వెళ్లాలంటే, స్కౌట్‌తో కలిపి ఉన్న నలుగురు పోగా ఇంకా 18 మందిని తయారు చేయాలి. 18 సార్లు 25 అంటే 450 సెకన్లు, మధ్యలో ‘లూమ్’ అనే పరిశోధనకు ఇంకో 25. మొత్తం 475 సెకన్లు, అంటే ఆట గడియారంలో 7 నిమిషాల 55 సెకన్లు. ఆపైన ఏజ్ మారడానికి 130 సెకన్లు. అన్నీ సవ్యంగా జరిగితే 10:05కి ఫ్యూడల్‌లో ఉంటారు. ఈ లోపు విలేజర్లకు 900 ఆహారం, ఏజ్ మారడానికి 500 కావాలి. మొదట ఇచ్చిన 200 పోగా 1,200 సేకరించాలి. అరేబియా అనే మామూలు మ్యాప్‌లో 8 గొర్రెలు (ఒక్కోదానికి 100), 2 అడవిపందులు (ఒక్కోదానికి 340), ఆపై బెర్రీ పొదలు ఉంటాయి కాబట్టి సరిపోతుంది. కానీ కోసిన జంతువు దగ్గర పనివాళ్లు తక్కువగా ఉంటే మాంసం కుళ్లి కొంత పోతుంది. ఇళ్లు కూడా వేళకు పడాలి. ఒక ఇంటికి 25 కలప, ఐదుగురికి చోటు. టౌన్ సెంటర్ ఇచ్చే ఐదు పోగా 22 మందికి నాలుగు ఇళ్లు తప్పవు. ఇల్లు పది సెకన్లు ఆలస్యమైతే టౌన్ సెంటర్ పది సెకన్లు ఖాళీగా కూర్చుంటుంది.

పై లెక్కంతా ఆట గడియారంలోది. ర్యాంకుల కోసం ఆడే ‘ర్యాంక్డ్’ ఆటలు 1.7 రెట్ల వేగంతో నడుస్తాయి. 25 సెకన్లంటే మన గడియారంలో దాదాపు 15 సెకన్లే. ప్రతి 15 సెకన్లకూ టౌన్ సెంటర్ దగ్గరికి ఒక ఆజ్ఞ వెళ్లి తీరాలి. మధ్యలో గొర్రెల్ని వెతకాలి, ఇంటికి చోటు చూపాలి, కలప నరికేవాళ్లను కొత్త చెట్టుకు మళ్లించాలి. కీబోర్డు మీద హెచ్, ఆ వెంటనే క్యూ నొక్కితే విలేజర్ తయారీ మొదలవుతుంది, పావు సెకను పని. ఖాళీగా నిలబడ్డవాడిని పట్టుకోవడానికి ఫుల్‌స్టాప్ కీ ఉంది. షిఫ్ట్ నొక్కి పట్టి వరసగా కుడి క్లిక్‌లు ఇస్తే ఒకే విలేజర్‌కు ఇల్లు కట్టు, తర్వాత చెట్టు కొట్టు అని పనులు పేర్చిపెట్టొచ్చు. ఇవన్నీ మౌస్ చేతిలో ఉంటుందన్న నమ్మకం మీద కట్టిన ఆట లక్షణాలు.

అడవిపంది వేట దగ్గర తేడా బాగా తెలుస్తుంది. టౌన్ సెంటర్ కింద గొర్రె చుట్టూ ఆరుగురు ఒకరి మీద ఒకరు పడ్డట్టు నిలబడి ఉంటారు. వాళ్లలో ఒక్కడినే తీసి పంది దగ్గరికి పంపాలి, వాడు రెండు బాణాలు వేయాలి, పంది వెంటపడగానే వెనక్కి పరుగెత్తించాలి. విలేజర్‌కు ఉన్న ప్రాణం 25 పాయింట్లే. దారిలో చెట్టుకో ఇంటికో తగులుకుని ఓ క్షణం ఆగితే నాలుగు కుమ్ములకే పోతాడు. టౌన్ సెంటర్ చేరాక వాడి ప్రాణం తక్కువగా ఉంటే లోపలికి పంపేయాలి, అప్పుడు పంది తక్కినవాళ్ల మీదికి తిరుగుతుంది, వాళ్లు దాన్ని కూల్చేస్తారు. మౌస్‌తో ఇది నాలుగైదు క్లిక్‌లు. కంట్రోలర్‌తో ఆ ఆరుగురి గుంపులోంచి ఒక్కడిని ఏరడమే మొదటి పరీక్ష. స్టిక్‌తో కర్సర్‌ని జరుపుతుంటే కాస్త ముందుకు పోతుంది, కాస్త వెనక్కి వస్తుంది. ఆ సమయానికి అవతలివాడు రెండో పందిని కూడా లాక్కొచ్చి ఉంటాడు. తర్వాత దశలో మ్యాంగొనెల్ (రాళ్లు రువ్వే బండి) రాళ్లు వస్తుంటే విలుకాళ్ల గుంపును రెండుగా చీల్చి తప్పించడమూ ఇలాంటిదే. మౌస్‌తో పెట్టె గీసి సగం మందిని పట్టొచ్చు. స్టిక్‌తో ఆ సగమే సరిగ్గా చేతికి చిక్కడం చాలా కష్టం.

కన్సోల్ వెర్షన్ తయారు చేసినవాళ్లకు ఇది తెలియక కాదు. అందుకే విలేజర్లకు ప్రాధాన్యాలు అప్పజెప్పే ఏర్పాటు పెట్టారు. ఆహారానికి ఎక్కువ, కలపకు ఎక్కువ, అన్నీ సమంగా అని మీరు ఎంచుకుంటే కొత్తగా పుట్టిన విలేజర్లు వాళ్లంతట వాళ్లే ఆ పనుల్లోకి వెళ్తారు. గుండ్రటి మెనూలు, కంట్రోలర్‌కు ప్రత్యేకంగా రాసిన పాఠాలు కూడా ఉన్నాయి. నిజం చెప్పాలంటే తెలివైన పని. సోఫాలో కూర్చుని యంత్రాన్నే ప్రత్యర్థిగా పెట్టుకుని ఆడుకునేవాళ్లకు, చారిత్రక క్యాంపెయిన్లు (కథలా సాగే యుద్ధాలు) తిరగేసే పిల్లలకు ఇదే హాయి. కానీ ఆన్‌లైన్‌లో ఎదుటివాడి చేతిలో మౌస్ ఉంటే ఈ సదుపాయం సగం దూరమే తీసుకెళ్తుంది. ఆహారంలో ఎంతమంది ఉండాలో అది చూసుకుంటుంది గానీ ఏ పందిని ఎప్పుడు లాగాలో, ఏ చెట్టు పక్కన మిల్లు కట్టకూడదో చూసుకోదు.

ఇప్పటికే ఎక్స్‌బాక్స్ ఉన్నవాళ్లు దిగులు పడక్కర్లేదు. ఈ ఆట ఎక్స్‌బాక్స్‌లో కీబోర్డు, మౌస్‌లను ఒప్పుకుంటుంది. యూఎస్‌బీ తీగ ఉన్నవి గానీ, యూఎస్‌బీ డాంగిల్‌తో నడిచే వైర్‌లెస్‌వి గానీ వాడాలి. బ్లూటూత్ కీబోర్డులు, మౌస్‌లు ఎక్స్‌బాక్స్‌కు తగలవు. పెట్టె మీద ‘వైర్‌లెస్’ అని చూసి బ్లూటూత్‌ది కొనడం ఇక్కడ తరచుగా జరిగే పొరపాటు. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్‌కు ముందు ఒకటి, వెనక రెండు యూఎస్‌బీ రంధ్రాలు ఉంటాయి కాబట్టి చోటుకు కొరత లేదు. ఇబ్బంది వచ్చేది కూర్చోవడం దగ్గర. మౌస్ ఆడించడానికి గట్టి బల్ల కావాలి, టీవీ మరీ దూరంగా ఉంటే తెర మూలనున్న చిన్న మ్యాప్ (మినీమ్యాప్) మీది చుక్కలు కనబడవు. టీవీ సెట్టింగుల్లో ‘గేమ్ మోడ్’ పెట్టకపోతే బొమ్మకు మెరుగులు దిద్దే పనిలో టీవీ ఆలస్యం చేస్తుంది, క్లిక్ ఒక చోట పెడితే సైన్యం ఒక రెప్పపాటు తర్వాత కదిలినట్టుంటుంది. బల్ల వేసి, కుర్చీ లాక్కుని, మౌస్ పట్టాక అది ఇంకేం కన్సోల్, పీసీయే కదా అని ఎవరైనా అడిగితే మా దగ్గర జవాబు లేదు.

ఇక పీసీ వైపు. ఈ ఆటకు ఖరీదైన గేమింగ్ కంప్యూటర్ కావాలన్నది అపోహ. కనీస అర్హత 64 బిట్ విండోస్ 10, 4 జీబీ ర్యామ్, 30 జీబీ ఖాళీ చోటు. హాయిగా నడవాలంటే ఐ5 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, జీటీఎక్స్ 650 స్థాయి గ్రాఫిక్స్ ఉంటే చాలన్నది కంపెనీ మాట. అయితే ఒంటరిగా ఆడటానికి చాలినది ఎనిమిది మంది ఆటకు చాలకపోవచ్చు. ఎందుకో తెలియాలంటే ఈ ఆట లోపల ఎలా నడుస్తుందో ఓ మాట చెప్పాలి.

తుపాకీ ఆటల్లో మాదిరిగా ఇక్కడ ఒక సర్వర్ అన్నీ లెక్కగట్టి మీకు ఫలితం పంపదు. ఎనిమిది మంది ఆడుతుంటే ఎనిమిది యంత్రాలూ పూర్తి యుద్ధాన్ని విడివిడిగా, అక్షరం తేడా లేకుండా లెక్కగడతాయి. నెట్ మీద ప్రయాణించేది ‘ఈ గుంపు ఇక్కడికి వెళ్లాలి’ అన్న ఆజ్ఞ మాత్రమే. వేలకొద్దీ సైనికుల జాడ పంపాలంటే నాటి 28.8 కిలోబిట్ల మోడెమ్‌లు మోయలేవు కాబట్టి ఈ ఉపాయం పట్టారు. ఎన్‌సాంబుల్ ఇంజినీర్లే 2001లో దీన్ని వివరంగా రాశారు. మీరిచ్చిన ఆజ్ఞ వెంటనే అమలు కాదు, రెండు ‘టర్న్’ల తర్వాత అన్ని యంత్రాల్లోనూ ఒకేసారి అమలవుతుంది. ఒక టర్న్ సుమారు 200 మిల్లీసెకన్లు. ఏదో ఒక యంత్రం ఆ టర్న్ లెక్క పూర్తి చేయలేకపోతే మిగతావన్నీ దానికోసం ఆగుతాయి. ఎద్దులబండ్ల వరసలో ముందు బండి నిదానిస్తే వెనకవన్నీ నిదానించినట్టు. నలుగురు నలుగురితో తలపడే ఆటలో ఒక్కొక్కరికి 200 మంది అనుకుంటే 1,600 ప్రాణులు. వాటి దారులు లెక్కగట్టలేక ఒకడి ల్యాప్‌టాప్ చతికిలబడితే ఏడుగురికీ ఆట నత్తనడక నడుస్తుంది. పాపం వాడికి తన యంత్రమే కారణమని తెలియదు, నెట్ బాగోలేదని అందరితో పాటు తానూ తిడుతుంటాడు.

అన్ని యంత్రాల్లోనూ లెక్క ఒకేలా ఉండాలన్న నియమం ఎంత సున్నితమో ఆ ఇంజినీర్లే ఒక ఉదాహరణ చెప్పారు. మ్యాప్ తయారైనప్పుడు ఒక యంత్రంలో ఒక జింక వెంట్రుకవాసి పక్కకు పడితే, అది మేసే దారి మారుతుంది. కొన్ని నిమిషాల తర్వాత ఒక విలేజర్ ఆ జింక కోసం కాస్త వేరే దారిలో వెళ్తాడు, లేదా ఈటె గురి తప్పి మాంసం లేకుండా ఇంటికొస్తాడు. అక్కడి నుంచి రెండు యంత్రాల్లో రెండు వేర్వేరు యుద్ధాలు. అప్పుడు వచ్చేదే ‘అవుట్ ఆఫ్ సింక్’ అన్న సందేశం, ఆట అక్కడితో సరి. అందుకే అందరి దగ్గరా ఆట తాలూకు ఒకే బిల్డ్ (ఒకే అప్‌డేట్) ఉండాలి. ఆదివారం సాయంత్రం ఆట అంటే మధ్యాహ్నమే అప్‌డేట్ చేసుకుని ఉండాలి. మెయిన్ మెనూలో బిల్డ్ నంబరు కనిపిస్తుంది, బృందం వాట్సాప్‌లో ఒకరు ఆ నంబరు పెడితే మిగతావాళ్లు సరిచూసుకోవచ్చు. ఒక్కడికే పదేపదే సింక్ తప్పుతుంటే స్టీమ్‌లో ఆట పేరు మీద కుడి క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో ఇన్‌స్టాల్డ్ ఫైల్స్‌కు వెళ్లి, ఫైళ్ల తనిఖీ బటన్ నొక్కాలి. చెడిపోయిన ఫైళ్లను అదే మళ్లీ తెచ్చుకుంటుంది.

నత్తల బెడద తప్పించడానికే డెఫినిటివ్ ఎడిషన్‌లో యంత్రం సత్తా కొలిచే బెంచ్‌మార్క్ పరీక్ష పెట్టారు. ర్యాంక్డ్ ఆటలు ఆడాలంటే పీసీ 1,000 మార్కులు తెచ్చుకోవాలి. ఇది కొనుగోలుదారుకు కూడా మంచి కొలబద్ద. స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటలకు మించి ఆడకుండా ఉంటే డబ్బు వాపసు వస్తుంది. కాబట్టి కొన్న వెంటనే క్యాంపెయిన్ మొదలుపెట్టకుండా ముందు బెంచ్‌మార్క్ నడపండి. మార్కులు చాలకపోతే వరసగా ఈ పనులు చేసి చూడండి.

ఉచితంగా ఇచ్చే ‘ఎన్‌హాన్స్‌డ్ గ్రాఫిక్స్’ ప్యాక్ వేసి ఉంటే తీసేయండి. అది 4కే తెరలున్న బలమైన యంత్రాలకు, దాన్ని 8 జీబీ ల్యాప్‌టాప్‌లో వేస్తే గోచీ మీద శాలువా కప్పినట్టే. తర్వాత ఛార్జర్ పెట్టి ఉందో చూడండి. బ్యాటరీ మీద చాలా ల్యాప్‌టాప్‌లు వేగం తగ్గించుకుంటాయి, విండోస్ పవర్ మోడ్‌ను ‘బెస్ట్ పెర్ఫార్మెన్స్’కు మార్చాలి. విడిగా గ్రాఫిక్స్ చిప్ ఉన్న ల్యాప్‌టాప్ అయితే సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లే, గ్రాఫిక్స్ అన్న దారిలో వెళ్లి, ఆట తాలూకు ఎగ్జిక్యూటబుల్ ఫైల్‌ను చేర్చి ‘హై పెర్ఫార్మెన్స్’ ఎంచుకోండి. ఇది చేయకపోవడం వల్ల మంచి చిప్ ఖాళీగా కూర్చుని, ప్రాసెసర్‌లోని చిన్న చిప్ చాకిరీ చేస్తున్న సందర్భాలు ఎక్కువే.

ర్యామ్ సంగతి కాస్త ఓపిగ్గా చూడాలి. విడి గ్రాఫిక్స్ చిప్ లేని యంత్రాలు బొమ్మలకు కూడా ర్యామ్‌నే వాడుకుంటాయి. కాబట్టి రెండు స్లాట్లలో రెండు స్టిక్‌లు ఉంటే, ఒకే స్లాట్‌లో అంతే పరిమాణం ఉన్నదానికంటే వేగం ఎక్కువ. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, మెమరీ దగ్గర ఎన్ని స్లాట్లు నిండాయో, ర్యామ్ వేగమెంతో కనిపిస్తుంది. కొనేముందు అది డీడీఆర్3ఎల్ రకమా, డీడీఆర్4 రకమా తేల్చుకోండి. ఒకదాని గాడిలో ఇంకోటి దిగదు. నొక్కి దింపబోతే స్లాట్ విరుగుతుంది. పాత హార్డ్ డిస్క్ ఉంటే ఎస్‌ఎస్‌డీ వేయించడం మొహమాటం లేకుండా చేయాల్సిన ఖర్చు. మ్యాప్ తెరుచుకునే వేళ అందరూ చివరివాడి కోసం ఎదురు చూడాల్సిందే కాబట్టి, ఆ చివరివాడు మీరు కాకుంటే మంచిది.

మొదటి అరగంట చక్కగా ఉండి తర్వాత మందగిస్తుంటే అది వేడి. టాస్క్ మేనేజర్‌లో సీపీయూ వేగం దాని బేస్ స్పీడ్ కంటే కిందికి పడిపోతుంటే నిర్ధారణ అయినట్టే. ఫ్యాన్‌లో దుమ్ము తీయించి, ఎండిపోయిన థర్మల్ పేస్టు మార్పించాలి. రామగుండం, కొత్తగూడెం వైపు మే నెలలో దుప్పటి మీద ల్యాప్‌టాప్ పెట్టి నలుగురు-నలుగురు ఆట ఆడితే ఏ కంపెనీ యంత్రమైనా చేతులెత్తేస్తుంది. చెక్క బల్ల మీద, వెనక అంచు ఓ అంగుళం ఎత్తులో ఉంచితే చాలు.

మౌస్ సాదాదే చాలు గానీ ల్యాప్‌టాప్ టచ్‌ప్యాడ్ మాత్రం వద్దు. విండోస్ మౌస్ అదనపు సెట్టింగుల్లో పాయింటర్ ఆప్షన్స్ కింద ‘ఎన్‌హాన్స్ పాయింటర్ ప్రెసిషన్’ అన్నదాని టిక్ తీసేయండి. అది ఉంటే చేయి వేగాన్ని బట్టి కర్సర్ ఒక్కోసారి ఒక్కో దూరం పోతుంది, చేతికి అలవాటు పడదు.

నెట్ విషయంలో ఒక మంచి కబురు. ఈ ఆటకు పెద్ద ప్లాన్ అక్కర్లేదు, పంపేది ఆజ్ఞలే కదా. కావాల్సింది నిలకడ. 250 మిల్లీసెకన్ల ఆలస్యాన్ని ఆటగాళ్లు గమనించనే లేదని, 250 నుంచి 500 మధ్య కూడా బాగానే ఆడుకున్నారని ఆ ఇంజినీర్ల పరీక్షల్లో తేలింది. ఒకసారి తక్కువ, ఒకసారి ఎక్కువ అయితేనే చిరాకుపడ్డారు. హైదరాబాద్‌లో తమ్ముడు, డాలస్‌లో అన్న కలిసి ఆడుకోవడం అందుకే సాధ్యం. అదే ఒక తుపాకీ ఆటలో అయితే ఆ దూరంతో తమ్ముడికి గుండు తగిలిన సంగతి పడిపోయాక గానీ తెలియదు. నిలకడ కోసం రౌటర్ నుంచి తీగ లాగడం ఉత్తమం, కుదరకపోతే 5 గిగాహెర్ట్జ్ వైఫై. లాబీ (ఆటకు ముందు అందరూ చేరే చోటు) తెరిచేటప్పుడు సర్వర్‌ను అందరికీ మధ్యస్థంగా ఉండేలా ఎంచుకోండి. పాత రోజుల్లో ఎవరు హోస్ట్ అన్నది పెద్ద తగవు. ఇప్పుడు ఆజ్ఞలు మధ్యలోని రిలే సర్వర్ గుండా పోతాయి కాబట్టి ఆ తగవు లేదు.

కరెంటు పోవడం గురించి విదేశీ సమీక్షల్లో రాయరు, మనకు రాయక తప్పదు. కరెంటు పోయిన క్షణం కన్సోల్ ఆరిపోతుంది, నలుగురి జట్టులో ఒకడు మాయం. ల్యాప్‌టాప్‌కు బ్యాటరీ ఉంది, మిగిలేది రౌటరే. చాలా ఇళ్లలో రౌటర్ 12 వోల్టులది. అడాప్టర్ మీద రాసిన వోల్టులు సరిగ్గా అంతే, ఆంపియర్లు అంతకు తగ్గకుండా ఉన్న చిన్న రౌటర్ యూపీఎస్ పెడితే ఆట ఆగదు. అయినా ఎవరైనా జారిపోతే ఆటను సేవ్ చేసి, అదే మనుషులతో లాబీలో మళ్లీ తెరిచే వీలుంది.

ఖర్చు లెక్క కూడా చూడాలి. పీసీలో ఆట ఒకసారి కొంటే ఆన్‌లైన్ ఉచితం. ఎక్స్‌బాక్స్‌లో, ప్లేస్టేషన్‌లో కొన్న ఆటను ఆన్‌లైన్‌లో ఆడటానికి చందా విడిగా కట్టాలి. రెండు మూడేళ్ల చందా కూడి పాత ల్యాప్‌టాప్‌కు ర్యామ్, ఎస్‌ఎస్‌డీ వేయించే ఖర్చుతో పోల్చి చూసుకోండి. స్టీమ్‌లో కొన్నది ఎక్స్‌బాక్స్‌లో రాదు, ప్లేస్టేషన్‌లో కొన్నది పీసీలో రాదు. మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో కొనేవాళ్లు ఆ పేజీలో ‘ఎక్స్‌బాక్స్ ప్లే ఎనీవేర్’ (ఒకసారి కొంటే పీసీలోనూ ఎక్స్‌బాక్స్‌లోనూ ఆడొచ్చన్న) గుర్తు ఉందో లేదో చూసి మరీ కొనాలి. ప్లేస్టేషన్ స్టోర్‌లో డౌన్‌లోడ్ మొదలుపెట్టాక మనసు మార్చుకుంటే మామూలుగా డబ్బు వెనక్కి రాదు. మన దక్షిణాది రాజ్యాల ప్రేరణతో చేసిన ‘ద్రవిడియన్స్’ జాతితో ఆడాలంటే 2022 ఏప్రిల్‌లో వచ్చిన ‘డైనాస్టీస్ ఆఫ్ ఇండియా’ అనుబంధాన్ని విడిగా కొనాలి. అది లేనివాళ్లు కూడా అది ఉన్నవాళ్లతో కలిసి ఆడొచ్చు కాబట్టి బృందమంతా కొనక్కర్లేదు. ఏజ్ మారినప్పుడల్లా ఆ జాతికి 200 కలప ఊరికే వస్తుంది. కొత్తవాళ్లు ఇళ్లు మరిచిపోయినా కాస్త కాపాడే వరం అది.

కన్సోలే సరైన దారి ఎవరికంటే, ఇంట్లో యాపిల్ మ్యాక్ తప్ప వేరే కంప్యూటర్ లేనివాళ్లకు. డెఫినిటివ్ ఎడిషన్‌కు మ్యాక్ వెర్షన్ లేదు. అమెరికాలో ఉన్న మనవాళ్లలో ఇలాంటివాళ్లు చాలామందే. వాళ్లు ఎక్స్‌బాక్స్‌కు యూఎస్‌బీ మౌస్ తగిలించుకుని క్రాస్‌ప్లే ఆన్ చేసి ఇక్కడి పీసీ వాళ్లతో ఆడటం నిక్షేపంగా కుదురుతుంది. ఆఫీసు వాళ్లిచ్చిన విండోస్ ల్యాప్‌టాప్‌లో ఆట వేద్దామనే ఆలోచన వస్తే ముందు ఉద్యోగం గుర్తు తెచ్చుకోవాలి.

అటకెక్కిన పాత సీడీనే మళ్లీ తిప్పుదామనుకునే అభిమానులకు రెండు చిట్కాలు. విండోస్ 10లో నెట్‌వర్క్ ఆట తెరుచుకోకపోతే కంట్రోల్ ప్యానెల్‌లోని ‘విండోస్ ఫీచర్స్’ జాబితాలో లెగసీ కాంపొనెంట్స్ కింద డైరెక్ట్‌ప్లే పక్కన టిక్ పెట్టాలి. విండోస్ 7లో గడ్డి ఊదా రంగులో, నీళ్లు ఎర్రగా కనబడితే సీడీ పాడవలేదు. ఆట వాడేది 256 రంగుల పట్టిక, దాన్ని విండోస్ ఎక్స్‌ప్లోరర్ చెదరగొడుతుంది. టాస్క్ మేనేజర్‌లో ఎక్స్‌ప్లోరర్‌ను ఆపి ఆట తెరిచి, అయ్యాక మళ్లీ దాన్ని నడిపించుకోవాలి. సీడీ వాళ్లందరూ ‘కాంకరర్స్’ 1.0సీ వెర్షన్‌లో ఉండాలన్నది కూడా మరవొద్దు.

మీ సాంకేతిక పేజీ నిర్వాహకులకు ఒక విన్నపం. ఇకపై ఆటల కోసం యంత్రాలను సూచించేటప్పుడు ఆ ఆట కంట్రోలర్‌తో పుట్టిందా, మౌస్‌తో పుట్టిందా అన్నది మొదటి వాక్యంలోనే రాయండి. ఆన్‌లైన్ చందా ఎంతో ధర పక్కనే వేయండి. పండుగ బోనసు చేతికొచ్చే రోజుల్లో ఆ రెండు ముక్కలు చదివి నిర్ణయించుకునే ఇళ్లు చాలానే ఉంటాయి.

ఇట్లు,
ఏఓఈ ఆడే కొందరు పాఠకులు,
వరంగల్